బువ్వ పెట్టి ఎగతాళి చేసిన కాలం

జమ్మలమడుగు చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పక్క ఊరి మీద ఒక ఎగతాళి సిద్ధంగా ఉండేది. పెన్నకు ఈ ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆ ఒడ్డువాళ్ళు ఒట్టి మొండివాళ్ళు. ఆ ఒడ్డువాళ్ళను అడిగితే ఈ ఒడ్డువాళ్ళకు నోరెక్కువ, పని తక్కువ. నల్లరేగడిలో జొన్న, పత్తి, శెనగ పండించుకునే మాకు, కేసీ కాలువ కింద వరి నాటే మైదుకూరు, చాపాడు వైపు వాళ్ళు ఎప్పుడూ బురదలో నానే మనుషులు. వాళ్ళకు మేము మబ్బు మొగం చూసి బతికే మెట్టోళ్ళం. “మెట్టోని ఇంట్లో వరన్నం ఉడికిందంటే పండగన్నా అయ్యుండాల, ఎవరికన్నా జరమన్నా వచ్చుండాల” అని వాళ్ళు అనేవాళ్ళు. “మీ వైపు పిల్లనిచ్చినప్పటి నుంచి మా పాప కాలిగోళ్ళు చూడలేదబ్బా, ఎప్పుడు చూసినా బురదే” అని మావాళ్ళు తిప్పికొట్టేవాళ్ళు.

ప్రొద్దుటూరోళ్ళ సంగతి వేరు. బంగారు అంగళ్ళు, పత్తి వ్యాపారం, అమ్మవారిశాల దసరా వైభవం, వీటన్నిటితో ఆ ఊరికి ‘రెండో బొంబాయి’ అని పేరు. ఆ పట్నంలో చుట్టాలింటికి పోతే గడపలోనే “తినొచ్చినారా, పోయి తింటారా?” అని అడుగుతారని మా పల్లెల్లో చెప్పుకునేవాళ్ళు. తెలుగునాట ప్రతి పట్నం మీదా ఇదే మాట ఉందని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ప్రొద్దుటూరోళ్ళేమన్నా తక్కువ తిన్నారా? “పల్లె చుట్టం దసరాకొస్తే దీపావళి టపాకాయలు కాల్చి గానీ కదలడు” అనేది వాళ్ళ జవాబు. రెండు మాటల్లోనూ అతిశయం ఉంది, రెండింట్లోనూ రవ్వంత నిజమూ ఉంది.

ఇక మా మీద మేము వేసుకునేవి కొన్ని. పెన్న ఒడ్డునే ఊరు, ఒడ్డునే నారాపురస్వామి గుడి. పేరుకు ఏరే, ఏడాదిలో సగం నాళ్ళు ఇసుకే. తిరునాళ్ళకు వచ్చిన చుట్టం ఏట్లో మునుగుతానంటే మా చిన్నాయన చెప్పే మాట ఒకటే: “ఏరు మేము చూపిస్తాం, నీళ్ళు మీరు తెచ్చుకోండి.”

నేను చెబుతున్నది 1970లు, 80ల నాటి ముచ్చట. చుట్టరికం పోవడమంటే అప్పుడు పొద్దున పోయి మాపటికి ఇంట్లో పడటం కాదు. సుగ్గి అయిపోయి, ఎద్దులకు పని లేని ఎండాకాలంలో బండి కట్టేవాళ్ళు. బస్సు పోయే ఊరైతే బస్సు. రైలు ఎక్కాలంటే ఎర్రగుంట్లకో ముద్దనూరుకో పోవాల్సిందే. అంత కష్టపడి వచ్చిన చుట్టాన్ని రెండో రోజే పంపిస్తే ఇంటికి పరువు తక్కువ. చుట్టం కూడా ఊరికే తిని కూర్చునేవాడు కాదు. నులక మంచానికి కొత్త నులక అల్లేవాడు, దూడ కాలికి మందు కట్టేవాడు, పిల్ల పెండ్లి సంబంధం ఒకటి మాట్లాడిపెట్టేవాడు. రాత్రయితే ఎగతాళికి దొరికేవాడు.

ఆ ఎగతాళికి అసలు వేదిక మిద్దె. మావైపు పాత ఇళ్ళు మట్టిమిద్దెలు. రాతి గోడలు, దూలాలు, వాటిపైన బండలో కట్టెలో పరిచి, ఆపైన చవుడుమన్ను. వానలు రాకముందే ఏటేటా చవుడు తోలి మిద్దె మీద పరుచుకోవాలి, లేకుంటే ఇల్లంతా కారుతుంది. ఇంటి లోపల ఒక పక్క మనుషులు, ఒక పక్క ఎద్దులు, నడుమ వెలుతురుకు పైన గవాక్షి. ఎండాకాలం రాత్రి ఇంట్లో పడుకునే పని లేదు. పొద్దుగూకగానే మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, ఊరంతా పైకెక్కేది. మిద్దెలన్నీ ఆనుకునే ఉంటాయి కాబట్టి ఈ మిద్దె మీద మాట ఆ మిద్దెకు, ఆ మిద్దె మీద నవ్వు మూడో మిద్దెకు పాకేది. ఊరికి కొత్త మనిషి వచ్చాడంటే ఆ రాత్రి వీధి వీధంతా మేలుకునేది.

అట్లా వచ్చిన కొత్త మనుషుల్లో మావాళ్ళకు బాగా ఇష్టమైన సరుకు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగస్తులు. కడప జిల్లాకు, అందులోనూ జమ్మలమడుగు తాలూకాకు వేశారంటే పైవాళ్ళకు కోపం వచ్చిందనే అర్థమని ఆ రోజుల్లో అందరి నమ్మకం. అందుకే రచ్చకట్ట మీద కూర్చున్న ముసలోళ్ళు కొత్త ఉద్యోగిని ఊరు, పేరు అడగరు. నేరుగా అసలు విషయానికే వస్తారు. మా బడికి గుంటూరు వైపు నుంచి ఒక అయ్యవారు వచ్చి బస్సు దిగగానే ఎదురైన పలకరింపు ఇదే: “ఏం తప్పు చేస్తే ఈడికేసినారు అయ్యోరూ మిమ్మల్ని?” ఆయన బిత్తరపోయి, తన తప్పేమీ లేదని నిలువునా సంజాయిషీ చెప్పుకున్నాడు. “అందరూ అట్లే చెప్తారులే, పాండి, బువ్వ తిందురు” అని ఆయన పెట్టె ఎత్తుకున్నారు.

ఆయన మా ఇంట్లోనే మొదటి పూట తిన్నాడు. మాది జొన్నల నేల, రోజూ తినేది జొన్నరొట్టె, జొన్న సంగటి, ఎప్పుడన్నా కొర్రన్నం. రాగులు పులివెందుల వైపు చుట్టాలు తెచ్చిపెట్టినవి. కొత్త మనిషి వచ్చాడని ఆ రోజు మా జేజి రాగిసంగటికి ఎసరు పెట్టింది. కుండలో నూకలు మెత్తగా ఉడికినాక పిండి కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టి మగ్గనిస్తారు. తర్వాత కుండను దించి రెండు పాదాల నడుమ బిగించి పట్టుకుని, సంగటికట్టెతో గెలుకుతారు. ఆ పనికి భుజబలం కావాలి. ఉండ కట్టిందంటే ఊరంతా నాలుగు నాళ్ళు చెప్పుకుంటుంది. గెలికినాక చేయి తడుపుకుని, వేడి మీదనే పళ్ళెంలో గుండ్రంగా ముద్ద తిప్పి, నడుమ గుంత చేసి, నెయ్యి వేసి, పక్కన నాటుకోడి పులుసో చెనిక్కాయల ఊరిబిండో పెట్టి ముందుకు తోస్తారు.

అయ్యవారు ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. నమిలే కొద్దీ అది పండ్లకు అంటుకుంటుందే గానీ గొంతు దిగదు. ఇంటి పిల్లలమంతా ఆయన దవడనే చూస్తున్నాం. “నమలాకండి అయ్యోరూ, పులుసులో అద్ది మింగల్ల” అంది మా అమ్మ. ఆయన ఇబ్బందిగా నవ్వి, మాట మార్చాలని కాబోలు, జొన్నల ప్రస్తావన తెచ్చాడు. తమ వైపు జొన్నలు కోళ్ళకు వేస్తారట. ఇల్లు ఒక్కసారిగా గమ్మునైంది. మా జేజి మాత్రం ఇంకో ముద్ద తెచ్చి ఆయన పళ్ళెంలో వేసి, “ఈతూరి ఊరికి పొయ్యొచ్చేటప్పుడు మీ కోళ్ళను కూడా పిల్చుకోని రా నాయనా. నీకన్నా అవి కడుపునిండా తింటాయి” అంది.

అందరికంటే ముందు పగలబడి నవ్వింది ఆయనే. అప్పటిదాకా “మీరు” అన్న జేజి ముద్ద వేసేటప్పుడు “నువ్వు” అనేసింది. మావైపు ఆ మార్పు జరిగిందంటే మనిషిని ఇంట్లోకి తీసుకున్నట్టే. అయినా ఎగతాళి ఆగలేదు. ఎద్దులు మనుషులతో ఒకే ఇంట్లో ఉండటం చూసి ఆయన ముక్కు మీద వేలేసుకుంటే, “మా వైపు ఎద్దులకు కూడా మిద్దెలే. మీ వైపు మనుషులకే గడ్డి ఇండ్లంట కదా” అని పక్క మిద్దె మీది నుంచి వినిపించింది. బండలతో గోడలు, బండలతో అరుగులు, చేనుగట్టున కంచెకు కూడా నిలువు బండలే చూసి, “మీకు చెక్క దొరకదా?” అని ఆయన అడిగితే, “దొరుకుతుంది, దాన్ని వంటకు వాడుకుంటాం” అన్నారు.

ఆయన ఊరివాడైంది మాత్రం ఇంకో రోజు. ఆ రాత్రి మిద్దె మీద ఎవరో తలంటు మాట ఎత్తారు. “నేనూ మొన్న మీ పెన్నకు తలంటుకుందామనే వెళ్ళాను. కుంకుడుకాయ అక్కర్లేదు, ఇసుకతోనే రుద్దుకోవచ్చు, కడుక్కోవడానికే ఊరికి తిరిగి రావాలి” అన్నాడు ఆయన. వీధి పొడవునా మిద్దెలన్నీ నవ్వాయి. మా చిన్నాయన ఏళ్ళ తరబడి చుట్టాల మీద వేస్తున్న మాటను ఒక పరాయి మనిషి ఆయన మీదికే తిప్పాడు. ఆ రాత్రి నుంచి ఆయన ‘గుంటూరు అయ్యోరు’ కాదు, ‘మా అయ్యోరు’. పిలవని పెండ్లి లేదు, అడగని సలహా లేదు. బదిలీ అయిపోయేటప్పుడు ఎవరి కండ్లూ తడి ఆరలేదు. “ఇప్పుడేం తప్పు చేసినావని పంపిస్తాండారు నాయనా?” అని ఆ రచ్చకట్ట ముసలోళ్ళే అడిగారు.

అసలు మా సీమకు ఇప్పటి పేరు పెట్టింది కూడా ఇట్లా వచ్చిన అయ్యవారే. 1800లో నిజాం నవాబు ఈ జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేసినప్పటి నుంచి ‘దత్తమండలాలు’ అనే పేరు మాకు అంటుకుంది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సరుకు లాంటి పేరు. 1928లో నంద్యాల సభలో దాన్ని తీసి ‘రాయలసీమ’ అనమన్నది చిలుకూరి నారాయణరావు. ఆయన ఉత్తరాంధ్ర మనిషి, అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చినవాడు. ఇక్కడి తిండి తిని, ఇక్కడి పిల్లలకు చదువు చెప్పి, ఇక్కడి వాళ్ళకు తగిన పేరు వెతికిపెట్టాడు. సీమవాళ్ళు పరాయోళ్ళను నమ్మరని మా మీద ఒక అపవాదు ఉంది. సొంత పేరునే పరాయోడి చేతి నుంచి అందుకున్నవాళ్ళను అట్లా అనడం ఎంత న్యాయమో చదివేవాళ్ళే చెప్పాలి.

ఎగతాళికి మావైపు రాయని కట్టుబాట్లు ఉండేవి. బావ బావమరిదిని ఎంతైనా అనొచ్చు. మేనమామ అల్లుడిని అనొచ్చు, అల్లుడు తిరిగి అనొచ్చు. పెండ్లిలో ఆడపెండ్లివాళ్ళు వియ్యపురాలి మీద పాట కడితే ఆమె మూతి ముడుచుకోకూడదు, తన వైపు నుంచి ఇంకో పాట అందుకోవాలి. చావు జరిగిన ఇంట్లో నోరెత్తకూడదు. పంట పోయిన ఏడు పంట మీద మాట వేయకూడదు. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు తిరుగుమాట. ఎవరి మీద మాట వేస్తున్నావో వాళ్ళు ఎదురుగా ఉండాలి, బదులు చెప్పే వీలు వాళ్ళకు ఉండాలి, చెప్పింది నువ్వు పడాలి. చుట్టం వెనకాల వేసిన ఎగతాళిని మావాళ్ళు ఎగతాళి అనేవాళ్ళు కాదు, చాడీ అనేవాళ్ళు.

తోలుబొమ్మలాట వాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కళ మిగిలి ఉంది గానీ, అప్పట్లో బొమ్మలాట జట్లు సీమ ఊళ్ళన్నీ తిరిగేవి. తెర మీద రాముడు, రావణుడు ఎంతసేపున్నా, పిల్లలం కాచుకునేది జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడి కోసమే. ఆట ఆడేవాళ్ళు పగలంతా ఊళ్ళో తిరిగి ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, పక్క ఊరితో ఏం గొడవ, ఎవరు పిసినారి అని ఆరా తీసుకునేవాళ్ళు. రాత్రి అదంతా కేతిగాడి నోట్లోంచి ఊడిపడేది. పక్క ఊరిని కేతిగాడు చీల్చి చెండాడుతుంటే మేము చప్పట్లు కొట్టేవాళ్ళం. మర్నాడు రాత్రి పక్క ఊరికి పోయి అదే కేతిగాడు అవే మాటలు మా ఊరి పేరు తగిలించి చెప్పేవాడు. ఆ ఊళ్ళోని మేనత్త మర్నాడే వచ్చి మాకు అంతా అప్పజెప్పేది. కోపగించుకోవడానికి లేదు, మొన్న నవ్వింది మనమే.

దారి పోతూ ఊరిని వెక్కిరించడం మన సాహిత్యానికి కొత్త కాదు. శ్రీనాథుడి పేరు మీద చెలామణీ అవుతున్న చాటుపద్యాల్లో పల్నాటి నాపరాళ్ళ మీద, జొన్నకూటి మీద పడ్డ ఎత్తిపొడుపులు తెలియని తెలుగు మాస్టారు ఉండడు. ఆ మాటలు మా జమ్మలమడుగుకు అంటించినా సరిగ్గా అతుక్కుంటాయి. రాళ్ళూ ఉన్నాయి, జొన్నలూ ఉన్నాయి. మా వైపు వచ్చి చూసి రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. మా పక్కనున్న గండికోటకు 1652లో వజ్రాల వర్తకుడు తావెర్నియే ఫ్రాన్సు నుంచి వచ్చాడు. అప్పుడు కోట మీర్ జుమ్లా చేతిలో ఉంది. అంత పెద్ద నవాబు నేల మీద కూర్చుని, వట్టి కాళ్ళ వేళ్ళ సందుల్లోనూ ఎడమచేతి వేళ్ళ సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటీ తీసి జవాబు రాయించడం ఆయనకు వింతగా తోచి తన యాత్రల పుస్తకంలో రాసుకున్నాడు. గండికోట మనుషులు ఆ ఫరంగీ గురించి ఏమనుకున్నారో ఎవరూ రాయలేదు. పొడవు కోట్లు, ఆ ఎండలో ఆ టోపీలు చూసి మిద్దెల మీద ఏమీ అనుకోకుండా పడుకున్నారంటే నేను నమ్మను.

ఇంత చెప్పి ఆ కాలాన్ని దేవుడి గదిలో పెట్టి పూజించే ఉద్దేశం నాకు లేదు. తిరుగుమాట అందరికీ ఉండేది కాదు. ఊరి చివర వాడల్లోని వాళ్ళ మీద, దేశదిమ్మరుల మీద, కూలికొచ్చిన పై ఊరి వాళ్ళ మీద పడిన మాటలకు బదులు చెప్పే ధైర్యం వాళ్ళకు ఎవరు ఇచ్చారు? అరుగు కిందనే నిలబడి, పడి, నవ్వినట్టు మొగం పెట్టి పోయేవాళ్ళు. చుట్టానికి ఇంట్లో పళ్ళెం, వాళ్ళకు వాకిట్లో ఆకు. అది ఎగతాళి కాదు, పెత్తనం.

ఆడవాళ్ళ సంగతీ అంతే. మా జేజి చెప్పే అల్లుడి కథ తెలుగువాళ్ళందరికీ తెలిసిందే. అత్తగారింట్లో మొదటిసారి ఓళిగ తిన్న అల్లుడు, పేరు మరిచిపోకుండా “ఓళిగ, ఓళిగ” అనుకుంటూ ఊరికి బయల్దేరతాడు. దారిలో వంక దాటుతూ “హుప్” అని ఎగురుతాడు, అక్కడి నుంచి “హుప్, హుప్” అని జపిస్తూ ఇల్లు చేరతాడు. పెండ్లాన్ని హుప్ చేయమంటాడు. ఆమెకు తెలియక నిలబడితే కొడతాడు. చూడొచ్చిన పక్కింటామె “అయ్యో, చెంప ఓళిగ మాదిరి వాచిపాయనే” అంటే అప్పుడు గుర్తొస్తుంది వాడికి. మా జేజి ఆ అల్లుడిని ఒకసారి కాలవ కిందోడిని చేసేది, ఒకసారి ప్రొద్దుటూరోడిని చేసేది. అల్లుడి ఊరు మారేది గానీ దెబ్బ మాత్రం ఎప్పుడూ ఆ పిల్లకే. చెంప పట్టుకుని ఆమె ఏమందో ఏ జేజీ చెప్పలేదు.

ఆ తర్వాత మాకూ అదే గతి పట్టింది. మా మీద పడిన మాటకు బదులు చెప్పే చోటు లేకుండా పోయింది. అది సినిమాతో మొదలైంది. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చింది. శిరివెళ్ళలో పుట్టిన జయప్రకాశ్ రెడ్డి మా యాసను తెర మీద పలికితే థియేటర్లో ఈలలు వేసింది మేమే. మన మాట మొదటిసారి అంత పెద్ద గొంతుతో విన్నామని పొంగిపోయాం. తర్వాత ‘సమరసింహారెడ్డి’, ‘నరసింహనాయుడు’, ‘ఇంద్ర’, ‘ఆది’ వరసకట్టాయి. ఒక్కో సినిమాకు సుమోలు పెరిగాయి, బాంబులు పెరిగాయి, మా మాట తగ్గి అరుపు మిగిలింది. కొన్నాళ్ళకు ఆ యాస మాట్లాడేవాడు తెర మీదికి రాగానే జనం కత్తి కోసం చూసే పరిస్థితి వచ్చింది.

ఫ్యాక్షన్ లేదని నేను చెప్పలేను. జమ్మలమడుగు మనిషి ఆ మాట అంటే ఏరు కూడా నవ్వుతుంది. నాటుబాంబులు పేలాయి, ఊళ్ళలో పోలీసు పికెట్లు ఏళ్ళ తరబడి ఉన్నాయి, పగలు భరించలేక మిద్దెలు వదిలి పట్నాల్లో తలదాచుకున్న కుటుంబాలు ఉన్నాయి. మా చిన్ననాటి ఎగతాళిలో ఇది ఎప్పుడూ లేకపోవడానికి కారణం మేము మంచివాళ్ళం కావడం కాదు, అది నవ్వే విషయం కాదని అందరికీ తెలియడం. ఎవరింట్లో పీనుగ లేచిందో తెలిసిన ఊళ్ళో ఆ మాట మీద జోకు పుట్టదు. తెలియని చోటనే పుడుతుంది.

హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు అడగడానికి పోయిన సీమ కుర్రాళ్ళు చాలామంది ఈ జోకును ఎదుర్కొన్నవాళ్ళే. “ఏ ఊరు బాబూ?” “కడప జిల్లా అండీ.” “అమ్మో, బాంబులేమైనా తెచ్చారా?” చెప్పిన మనిషి నవ్వుతాడు, పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. ఇల్లు కావాల్సినవాడు ఏమంటాడు? మా జేజి లాంటి జవాబు నాలుక చివర ఉన్నా మింగేసి, తనూ నవ్వుతాడు. అద్దె ఇంటి గుమ్మంలో నిలబడినవాడికి తిరుగుమాట ఉండదు. పైగా ఆ ఇంటాయన మా ఊరు చూడలేదు, మా ముద్ద తినలేదు. మా అయ్యవారు జొన్నల్ని కోళ్ళ మేత అన్నప్పుడు ఆయన చేతికి మా ఇంటి పులుసు అంటుకుని ఉంది. అదే తేడా.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 2010లో వచ్చిన ‘మర్యాద రామన్న’ చూసి మావాళ్ళు నిజంగానే నవ్వుకున్నారు. పగవాడైనా సరే గడప లోపల ఉన్నంతసేపు చుట్టమే, గడప దాటితే ప్రాణం తీస్తారనేది ఆ కథకు ఆయువుపట్టు. దానికి మూలం అమెరికాలో బస్టర్ కీటన్ 1923లో తీసిన ‘అవర్ హాస్పిటాలిటీ’. అక్కడ కెంటకీ, వెస్ట్ వర్జీనియా కొండల్లో తరాల తరబడి కొట్టుకున్న హ్యాట్‌ఫీల్డ్, మెక్కాయ్ కుటుంబాల పగల మీద ఆ రోజులకే బోలెడు ఎగతాళి ఉంది. ఎక్కడో ఆ కొండల మనుషుల కోసం కుట్టిన చొక్కా కొలతలు మార్చకుండానే మాకు సరిపోయింది. పట్నం వాడు పల్లెను చూసే చూపుకు దేశభేదం లేదన్నమాట. అయినా ఆ సినిమా మాకు నచ్చడానికి కారణం ఉంది. అందులో కనీసం ముందు అన్నం పెట్టారు.

ఎగతాళి మారిందని సినిమాను ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. చుట్టరికమే కరిగిపోయింది. మోటారు సైకిళ్ళు వచ్చాక చుట్టం పొద్దున వచ్చి, పని చూసుకుని, ఎండ తగ్గగానే పోతున్నాడు. చవుడు తోలే ఓపిక లేక మట్టిమిద్దెలు పడగొట్టి స్లాబులు వేసుకున్నారు. ఇండ్ల నడుమ సందులు వచ్చాయి, గదిలో ఫ్యాను, ఫ్యాను కింద టీవీ. మిద్దె ఎక్కేవాడే లేనప్పుడు మిద్దె మీది మాట ఎక్కడిది? చదువుకున్న పిల్లలు బెంగుళూరు, హైదరాబాద్ పోయారు, మరి కొందరు కువైట్ పోయారు. కొన్ని ఊళ్ళయితే ఊళ్ళుగానే మిగల్లేదు. గండికోట జలాశయంలో నీళ్ళు పెంచినప్పుడు, 2020లో, తాళ్ళప్రొద్దుటూరు జనం సామాన్లు ట్రాక్టర్లకు ఎత్తుకుని కదిలిపోయారు. మాతో తరతరాలుగా మాటకు మాట అన్న ఊళ్ళు ఇప్పుడు కాలనీలు. కాలనీకి ఇంకా ఎగతాళి పుట్టలేదు.

2016లో నంద్యాల, ఎర్రగుంట్ల నడుమ రైలు నడిచి జమ్మలమడుగు ఎట్టకేలకు స్టేషన్ చూసింది. ఏండ్ల తరబడి ‘రైలొచ్చినప్పుడు చేస్తాం పెండ్లి’ అని పిల్లల్ని ఆటపట్టించిన పెద్దలు, అది వచ్చేసరికి చాలామంది లేరు. రైలు వచ్చింది గానీ దిగే చుట్టం తక్కువ. వచ్చేవాళ్ళు గండికోట లోయ అంచున నిలబడి ఫోటోలు తీసుకునే సందర్శకులు. శని, ఆదివారాల్లో వాళ్ళ కార్లకు చోటు చాలదు. గుడారాల్లో పడుకుంటారు, పొద్దు పొడవడం చూస్తారు, పోతారు. ఇంతమంది పరాయి మనుషులు ఈ నేల మీద ఎన్నడూ కాలు పెట్టలేదు. కానీ లోయను చూసినవాళ్ళలో ఎంతమంది ఒక ఇంటి వాకిలి చూశారు? వాళ్ళు మా గురించి ఏమనుకున్నారో మాకు తెలియదు, మేము ఏమన్నామో వాళ్ళకు తెలియదు.

మావాళ్ళ నోరు మాత్రం మూతపడలేదు. అందుకు సాక్ష్యం ఉక్కు ఫ్యాక్టరీ. 2007లో జమ్మలమడుగు దగ్గర దానికి శంకుస్థాపన జరిగింది. 2018లో మళ్ళీ జరిగింది, 2019లో మళ్ళీ, 2023లో ఇంకోసారి. ముఖ్యమంత్రులు మారారు, స్థలాలు మారాయి, రాయి మాత్రం ఏళ్ళ తరబడి రాయిగానే ఉండిపోయింది. “బండలకు కరువా అబ్బా మన సీమలో, మళ్ళా ఈళ్ళెందుకు తెచ్చి నాటుతాండారు?” అని టీ అంగడి దగ్గర ఒక ముసలాయన అంటే పక్కనున్నవాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టి నవ్వడం చూశాను. ఇది మా సొంత ఎగతాళి, మా మీద మేము వేసుకున్నదే. అందులో నొప్పి ఎంతో అంటున్నవాడికి తెలుసు, వింటున్నవాడికి తెలుసు. అందుకే అది నవ్వుగా మిగిలింది.

మమ్మల్ని ఎగతాళి చెయ్యొద్దని ఎవరినీ బతిమాలను. అట్లా బతిమాలితే నేను ఆ సీమ మనిషినే కాదు. చెయ్యండి, కాకపోతే పాత పద్ధతిలో చెయ్యండి. ఒక పూట వచ్చి పళ్ళెం ముందు కూర్చోండి, సంగటి నమిలి ఇబ్బంది పడండి, ఆ తర్వాత మా జొన్నల మీద, మా రాళ్ళ మీద, మా యాస మీద మీ ఇష్టమొచ్చినట్టు అనండి. మేము కూడా మీ గురించి నాలుగు మాటలు అంటాం. అవి మీకు రుచించకపోతే ఇంకో ముద్ద వేస్తాం.